పన్నెండు గజాల బెండ మడి

ఎత్తవు! రెండు రోజులసంది ఫోన్ చేస్తున్న, ఎత్తవు. అదే మా అల్లుని ఫోన్‌కెల్లి ‘ఎయిర్‌పోర్టుకు కారు గావాలె’ అనంగనే ఇరవై నిమిషాలల్ల వచ్చి అత్తాపూర్‌ల మా గేటు ముంగట నిలబడ్డవు. చదువు చెప్పిన టీచర్ కన్న గిరాకే ఎక్కువాయె, ఏం బాలమల్లూ?

అద్దంల గట్ల చూడకు. సామాను లేదు. నేను ఏ విమానమూ ఎక్కుతలేను. నేనంటే రావని అబద్ధమాడిన.

నడుపు నాయనా, నడుపు. నీ ఇంటికే, తొండుపల్లికే పోనీ. నువ్వు కారు నడుపు, నేను మాట్లాడుత. నువ్వు మాట్లాడకున్నా నడుస్తది. మూడో తరగతిల కూడ నువ్వు గింతే. ఎక్కం అడిగితే గోడ దిక్కు చూసేటోనివి.

రేపు పది గంటలకు రేఖ కౌన్సెలింగు. వ్యవసాయ పాలిటెక్నిక్‌ల సీటు వచ్చే పిల్ల నీ బిడ్డ. తండ్రి వచ్చి సంతకం పెట్టకుంటే సీటు ఇంకొకరికి పోతది. నువ్వేమో ‘ఇగ మట్టి పేరెత్తితే కాళ్లిరగ్గొడ్త’ అన్నవట. మీ అమ్మ ముత్తమ్మే చెప్పింది నాకు, ఏడ్చుకుంట.

కోపం రాదా మరి? వస్తది. కూరగాయల పోటీలకు పంపితే నీ బిడ్డను నలుగురిల ‘దళారి బిడ్డ’ అన్నరు, గదే గదా నీ బాధ? రెండెకరాలు నువ్వు సరదాకు అమ్మలే. చుట్టూ అందరివీ పోయినంక మధ్యల నీదొక్కటి నిలుస్తదా? కారు కొనుక్కున్నవు, తీరిక దొరికినప్పుడు వచ్చినోళ్లకు ప్లాట్లు చూపెడ్తున్నవు. దొంగతనం చేస్తున్నవా ఏమన్నా? నాకు తెల్వదా?

కాని కోపానికి కారణం సరిగ్గ తెల్వాలె. అందుకే మొదటికెల్లి చెప్త. మధ్యల అడ్డం రాకు... వస్తలేవు గదా, మంచిది.

రిటైరైనంక ఊకె కూసోలేక శనివారం శనివారం మీ ఊరి బడికి వచ్చిన. పిల్లలతోని బాల రైతు సంఘం పెట్టిన. ఎందుకు? వాండ్లను రైతులను చేద్దామనా? భూమేడున్నది నాయనా! విమానాశ్రయం వచ్చి నాలుగేండ్లాయె, మీ ఊర్ల నాగలి పట్టినోడెవరు? గది కాదు. ఒక మొక్కను పెంచిన పిల్లకు ఏమొస్తది, చెప్పు? ఓపికొస్తది. పురుగు పడితే ఏడ్చుకుంట కూసోకుండ ఉపాయం ఆలోచిస్తది. చేసింది చేసినట్టు కాగితం మీద పెడ్తది. పోటీలకు పోతే పెద్దోళ్ల ముంగట నోరు తెరుస్తది. బతకనీకి గివి గావొద్దా?

మొదటి శనివారం అడిగిన, గుంటంటే ఏందమ్మా అని. అల్ఫియా లేదా, మీ ఎనుక గల్లీ పిల్ల? గది చెయ్యెత్తింది. ‘జేసీబీ తవ్వుతది గదా టీచర్, గదే!’ అన్నది. పిల్లలందరు అవును అవునన్నరు. ఇగ నేను నవ్వాల్నా, ఏడ్వాల్నా? నలభై గుంటలు ఎకరమని వాండ్ల తాతలను నిద్రల లేపి అడిగినా చెప్పెటోళ్లు.

సరే, గజమంటే ఏందని అడిగిన. అబ్బో, తరగతికి తరగతే లేచి నిలబడ్డది! ‘మా మామది రెండొందల గజాలు!’ ‘మాది కార్నర్ బిట్టు టీచర్!’ ‘మాది తూర్పు ఫేసింగు!’

నేనేం చేసిన? తెలిసినదాంట్లకెల్లి తెల్వనిదానికి తీస్కపోవాలని మాకు ట్రైనింగుల నేర్పిండ్రు. బడి జాగల సున్నంతోని గీతలు గీసి, ‘పిల్లలూ, ఒక్కొక్కరికి పన్నెండు గజాల మడి’ అన్న. ఎగిరి గంతులేసిండ్రు. గుంటల లెక్క తర్వాత చెప్దామనుకున్న. చెప్పనే లేదు. విత్తనాలొచ్చినయి, పరీక్షలొచ్చినయి, ఇంకేందో వచ్చింది... గుంట కాడికి రానే లేదు. నా తప్పే. గది మొదటి తప్పు.

రేఖ బెండ వేసింది. ఎండకాలం సెలవులు. తోటి పిల్లలు టీవీల ముంగట పడుకుంటే గది బిందెలతోని నీళ్లు మోసింది. పల్లాకు తెగులొచ్చింది. ఆకులన్ని పసుపు పూసినట్టయినయి. పదకొండు మొక్కలు తన చేతులతోనే పీకి, దూరంగ తీస్కపోయి కాలవెట్టింది. నోటుబుక్కుల ఏం రాసిందో తెలుసా? ‘ఇవి పోతేనే మిగిలినవి బతుకుతయి. పీకేటప్పుడు ఏడుపొచ్చింది.’ పదిహేనేండ్ల పిల్ల! నువ్వు చదివినవా ఆ నోటుబుక్కు? చదవలే. నాకు తెలుసు.

ఏయ్, మెల్లగ పోనీ! నా మీది కోపం యాక్సిలరేటర్ మీద చూపెట్టకు.

పోటీ నాడు బల్లల మీద కూరగాయలు పెట్టినం. మార్కులు వేయనీకి వ్యవసాయ శాఖ ఆఫీసరు సారు వచ్చిండు. తెల్ల మీసాలు, నిమ్మళమైన మనిషి. ముందు అల్ఫియాను అడిగిండు, ‘మెంతికూర ఎంత జాగల వేసినవమ్మా?’ అని. గది భయపడి, ‘మా అబ్బాజాన్ నవారు మంచమంత సార్’ అన్నది. అందరు పడి పడి నవ్విండ్రు. సారు కూడ నవ్వి, దాని నెత్తి మీద చెయ్యి వెట్టి, మంచి మార్కులే వేసిండు.

తర్వాత రేఖ. ‘పన్నెండు గజాలు సార్’ అన్నది. గట్టిగ, కండ్లల్లకు చూసి, నేను నేర్పినట్టే.

మళ్ల నవ్విండ్రు. కాని గా నవ్వు వేరు. ఎనుకకెల్లి ఎవడో ‘రిజిస్ట్రేషన్ అయిందా?’ అన్నడు. ‘గుంటల్ల ఎంతమ్మా?’ అన్నడు సారు. పిల్ల వేళ్ల మీద లెక్కవెట్టవట్టింది. ‘పంటను గజాలల్ల కొలుచుడు ఎవరు నేర్పిండ్రు తల్లీ?’ అన్నడు.

గంతే. ఆ తర్వాత అది నోరు తెరవలే. పల్లాకు తెగులు గురించి అడిగినా చెప్పలే. పోయి బల్ల ఎనుక నిలబడ్డది. యాభైకి పద్దెనిమిది.

ఊర్లకు ఏమని చేరింది? ఆఫీసరు ‘దళారి బిడ్డ’ అన్నడని చేరింది. నువ్వు ఆగినవా? పోయి ఆఫీసుల, అందరి ముంగట, ఆ ముసలాయన అంగి పట్టుకున్నవు. నిజమేనా? తల ఊపకు, రోడ్డు చూడు.

సారు గా మాట అనలే, బాలమల్లూ.

ఆయన నోట్లకెల్లి గా మాట రాలేదు. ఎవరు నేర్పిండ్రని అడిగినప్పుడు రేఖ నా దిక్కు చూసింది. ‘మా టీచర్’ అనొచ్చు. అనలే. నేనే చెప్తననుకున్నది. చుట్టూ ఎవరు? నాతోని పని చేసినోళ్లు, నా ఎరుకైనోళ్లు. ముప్పై నాలుగేండ్లు లెక్కలు చెప్పిన స్వరాజ్యం టీచరు మడిని గజాలల్ల కొలిపించిందని వాండ్లు నవ్వుతరేమో అనుకున్న. గా ఒక్క నిమిషం. నా నోరే అన్నది: ‘ఇంట్ల నేర్చుకున్నది సార్. తండ్రి ప్లాట్ల దళారి, ఏం జేస్తం?’

నేనన్న. నేను, బాలమల్లూ. ఆ పిల్ల వింటుండంగనే.

ఆపినవేంది? లారీలొస్తున్నయి, జర పక్కకు తియ్యి... ఆఁ. దిగుమంటే దిగుత. చెప్పుడు అయిపోనీ.

పోటీ అయి పదిరోజులాయె, నీకెందుకు చెప్పలే అంటవా? నువ్వు ఆయన అంగి పట్టుకున్నవని విన్నంక ఇంకా భయమైంది. రేఖ కూడ చెప్పలే గదా? చెప్పదు. ఆనాడు బస్సుల నా పక్కనే కూసున్నది. శంషాబాద్ దాక నోటుబుక్కుల పేజీలే తిప్పింది. దిగేటప్పుడు మాత్రం ముందుగాల తను దిగి, నా చెయ్యి పట్టుకొని ‘మెట్టు ఎత్తున్నది, పైలం టీచర్’ అన్నది.

సారు కాడికి నేను పోత. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంట. ఊర్ల నలుగురిని పిలిచి చెప్త. రేపు సంతకం పెట్టమని అడిగే మొకం నాకు లేదు, అయినా అడుగుతున్న. నా తప్పుకు ఆ పిల్ల చదువు పోవొద్దు.

రేఖను మాఫీ అడగనీకే ఇయ్యాల బయలుదేరిన అనుకుంటున్నవా? కాదు నాయనా. మీ గేటు దాక రెండుసార్లు వచ్చి, లోపల దాని గొంతు వినబడంగనే మళ్లిపోయిన. అందుకే ముందుగాల నీకు చెప్దామని నీ కారెక్కిన.

నువ్వైతే తిడ్తవు. అది తిట్టదు, బాలమల్లూ.