కొత్త రాణి, గోడ అవతలాయన

నర్సమ్మ ఇంటి పెరడు, సాయంత్రం. గోడ పక్కన రెండు తేనెపెట్టెలు. తేనెటీగల కేంద్రం నుంచి వచ్చిన అమ్మాయి కొత్త రకం రాణి ఈగలకు మార్కులు వేస్తోంది. ఆసుపత్రి ఉద్యోగం నుంచి రిటైరైన నర్సమ్మ పెట్టె మూత పట్టుకుని నిలబడింది. గోడ అవతల ఉండే గడియారాలాయన ఇంకా రాలేదు. వస్తే బావుండునని ఒకరికి ఉంది, రాకపోతే బావుండునని కూడా ఆ ఒకరికే ఉంది.

"...కదలకండమ్మా, మూత అలాగే పట్టుకోండి. ఇదిగో, దొరికింది! వీపు మీద నీలం చుక్క. చూశారా మహారాణిగారి దర్జా?"

"రోజూ చూసేదేలే తల్లీ. ఎంత నింపాదిగా నడుస్తోందో చూడు. పాత రాణి ఉన్నప్పుడు ఈ మూత తియ్యాలంటే ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకునేదాన్ని."

"ఇప్పుడేమో వల టోపీ కూడా పెట్టుకోలేదు."

"టోపీ పెడితే జుట్టు చెదురుతుంది."

"ఓహో. ఇవాళ జుట్టు చెదరకూడదన్నమాట."

"నువ్వు ఈగల సంగతి చూడమ్మా, నా జుట్టుకి కూడా మార్కులు వేస్తావా ఏంటి?"

"సరే, సరే. రాసుకుంటున్నాను. గుడ్లు... ఒక్క గది కూడా ఖాళీ లేదు, పదికి పది. శుభ్రత... నిన్న నేను పరీక్షకని సూదితో గుచ్చి చంపి వెళ్లిన వంద పిల్ల పురుగుల్లో తొంభై ఏడింటిని తీసి బయట పారేశాయి. జబ్బు చేసిన పిల్లని ఇంట్లో ఉంచవన్నమాట. పదికి పది."

"మా వార్డు ఆయాలకన్నా నయం. వాళ్లకి చీపురు చూపిస్తే గానీ కదిలేవాళ్లు కాదు."

"తేనె... పోయినేడాదికి ఒకటిన్నర రెట్లు. తొమ్మిది."

"తొమ్మిదేనా? ఇంకొకటి ఏం పాపం చేసింది?"

"అన్నీ పదికి పది వేస్తే మా పెద్దసారు నమ్మరమ్మా. ఆ నల్ల బంతి ఇలా ఇవ్వండి. ఆ కుర్చీ మీదుంది, ఆ దిండు పక్కన. అన్నట్టు, మీరొక్కరే కదా ఉండేది, రెండు కుర్చీలెందుకు?"

"ఒకటి నేను కూర్చోవడానికి. ఒకటి... ఈగలకి పట్టే పొగడబ్బా పెట్టుకోవడానికి."

"పొగడబ్బాకి దిండు కూడా వేశారా!"

"ఇదిగో బంతి. తొందరగా కానీ, వెలుతురు పోతోంది."

"ఇది కోపం పరీక్ష. గుమ్మం ముందు నిమిషంపాటు ఈ తోలు బంతి ఆడిస్తాను. దీనికి ఎన్ని ఈగల కొండులు దిగితే అన్ని మార్కులు కోత. పాతరకం రాణుల పెట్టె దగ్గరైతే ముళ్లపందిలా తయారవుతుంది... యాభై ఎనిమిది, యాభై తొమ్మిది, అరవై. చూడండమ్మా, మీవి నర్సు కళ్లు."

"ఒక్కటీ లేదు."

"రెండో పెట్టె దగ్గరా అంతే. ఎంత సాధువో! ఇక మిగిలింది ఒకే ఒక్క గడి. పొరుగువారి మాట. ఇళ్ల మధ్య పెట్టెలు కదా, ఎంత తేనె ఇచ్చినా పక్కింటివాళ్లని కుడితే ఆ రకం పనికిరాదు. ఐదుసార్లు దాటితే పెట్టెలు ఊరి బయట తోటకి తీసుకెళ్లిపోతాం. మీరు దరఖాస్తులో ఒప్పుకుని సంతకం పెట్టారు. ఏదీ, ఆ కాగితం ఈ ఫైల్లోనే..."

"పెట్టానులే, ఒప్పుకున్నానులే. ఆ పాత కాగితంతో ఇప్పుడేం పని? ఫైలు మూసెయ్. ముయ్యి తల్లీ, ఈగలు వాలతాయి."

"నర్సమ్మగారూ! ఉన్నారా?"

"ఉన్నాను. గోడ మీంచి తల పెట్టి అరవకపోతే, గేటు తీసుకుని రావచ్చుగా?"

"ఇక్కడే బావుందండీ. మధ్యలో గోడ ఉంటే అదో ధైర్యం. ఎవరా అమ్మాయి?"

"గడియారాల బాబాయిగారు మీరేనా? మీకోసమే చూస్తున్నాను. కేంద్రం నుంచి వచ్చాను. ఏప్రిల్లో కొత్త రాణుల్ని పెట్టినప్పుడు మీకో నోటుబుక్కు పంపించాం. ఈగలు కుడితే రాయమని. తెచ్చారా?"

"నోటుబుక్కా? అది... ఇంట్లో ఎక్కడో... వెతకాలమ్మాయీ."

"మరి చేతిలో ఉన్నదేంటి?"

"ఇదా? ఇదేనేమో. ఇందులో పెద్దగా ఏమీ లేదు. తర్వాత తీరిగ్గా..."

"ఇటివ్వండి. అబ్బ, అక్షరాలు ముత్యాలే! 'మే పది, సాయంత్రం ఆరు గంటల నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. ఎడమ ముంజేయి. వైద్యం: నర్సమ్మగారు.' సెకన్లు కూడానా?"

"వృత్తి కదమ్మా. నలభై ఏళ్లుగా తప్పు టైము చెప్పి ఎరగను."

"'మే పదిహేడు. ఎడమ మణికట్టు. వైద్యం: నర్సమ్మగారు.' 'మే ఇరవై ఎనిమిది...' ఒకటి, రెండు, మూడు... అయ్యో. తొమ్మిది! అమ్మా, తొమ్మిదిసార్లు కుట్టాయని మీరు చెప్పనేలేదే?"

"నువ్వు అడగలేదు."

"ఇప్పుడు అడుగుతున్నాను."

"పుస్తకంలో ఏముంటే అదే. పిలిచారు, వెళ్లాను. మంచుగడ్డ పెట్టాను, రాయాల్సింది రాశాను, వచ్చేశాను. ప్రతిసారీ రెండు నిమిషాల పని."

"ముప్పావు గంటండీ."

"మీరు ఊరుకుంటారా!"

"అంటే... టైము తప్పు చెప్పలేనండీ. జూలై ఏడున అయితే గంటా పది నిమిషాలు."

"మీ టైములకేంగానీ బాబాయిగారూ, నా పని చెడింది. ఇంత మంచి రాణి! అన్నిట్లో పాసై చివర్లో బోల్తా కొట్టింది. ఏం చేస్తాం, ఎల్లుండి పొద్దున బండి పంపిస్తాను."

"బండెందుకు?"

"పెట్టెలు తీసుకెళ్లడానికి."

"పెట్టెలు తీసుకెళ్లడమేంటి? ఎవరన్నారు? నేననలేదే!"

"తొమ్మిదిసార్లు కుట్టించుకున్నవారు, పీడ పోయిందని సంతోషించాలి కదా? నిబంధన ఈ నోటుబుక్కు మొదటి పేజీలోనే ఉంది, చదవలేదా?"

"అక్షరాలు మరీ చిన్నవి..."

"ఆడవాళ్ల వాచీల్లో మరలు కనిపిస్తాయి గానీ ఇవి కనిపించలేదా?"

"నర్సమ్మగారూ, మీరేం మాట్లాడరేంటి? పోయేవి మీ ఈగలండీ!"

"ఏం మాట్లాడను? రాసింది రాసినట్టే ఉండాలి. తీసుకెళ్లనీండి. ఖాళీ అయిన చోట ఏవో నాలుగు మొక్కలు వేస్తాను."

"మొక్కలా? పొద్దున లేచి మీరు మొక్కలతో మాట్లాడతారా? 'అమ్మలూ, లేచారా' అని ఈ పెట్టెల దగ్గరే కదా మీకు తెల్లారేది?"

"అది మీకెలా తెలుసు?"

"గోడకి చెవులుంటాయి కదండీ. అమ్మాయీ, ఆగు, ఆగు. పెన్ను పక్కన పెట్టు. అందులో ఒకటి కొట్టెయ్. మే పదిహేడుది. అది బహుశా దోమ."

"సరే. ఎనిమిది."

"ఇరవై ఎనిమిదోది కూడా. చీమ. పెద్ద చీమ."

"ఏంటి బాబాయిగారూ, బేరమాడుతున్నారా? అయినా ఉండండి... జూన్ పంతొమ్మిది. ఆ రోజు పొద్దున్నుంచి రాత్రిదాకా ఒకటే వాన. మా కేంద్రంలో వాన లెక్క రాస్తాం. వానలో తేనెటీగ గడప దాటదే?"

"అంటే... ఏదో పని మీద..."

"తల్లీ, పాపం ఒకటేదో దారి తప్పి వచ్చుంటుంది. ఎందుకు పెద్దాయన్ని అలా గుచ్చి గుచ్చి అడుగుతావు?"

"మీరు ఆయన పక్షమేంటమ్మా? పెట్టెలు పోతున్నది మీవి! ఇంకో వింత చూడండి. ఎడమ ముంజేయి, ఎడమ మణికట్టు, ఎడమ ముంజేయి... తొమ్మిదీ ఎడమే. కుట్టే ఈగకి కుడి ఎడమలు తెలుస్తాయా?"

"కుడి చెయ్యి పనికి కావాలి కదమ్మాయీ!"

"...ఏమన్నారు?"

"నేనా? ఏమన్లేదే."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది. చెప్పండి బాబాయిగారూ. నేను సంతకం పెట్టానంటే ఇక ఎవరూ మార్చలేరు."

"పెట్టకు! కుట్టలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా కుట్టలేదు. వాచీలు విప్పే పట్టకారుతో నేనే గిల్లుకున్నాను."

"తొమ్మిదిసార్లా?"

"తొమ్మిదిసార్లూ. టైములు మాత్రం నిజం. గిల్లుకున్న టైములు."

"ఎందుకండీ బాబూ?"

"పోయినేడాది పాత రాణి రోజుల్లో నిజంగానే కుట్టింది, సరిగ్గా ముక్కు మీద. ఈవిడ పరిగెత్తుకొచ్చి, మంచుగడ్డ పట్టుకుని, గంటసేపు కబుర్లు చెబుతూ కూర్చున్నారు. ముక్కు వాచి కళ్లు మూసుకుపోయాయి గానీ, మా ఆవిడ పోయాక అంత మంచి సాయంత్రం నేను చూడలేదమ్మాయీ. ఈ ఏడు మళ్లీ కుట్టకపోతుందా అని, భయపడుతూనే, గోడ మీద చెయ్యి పెట్టుకుని నిలబడేవాణ్ణి. నీ కొత్త రాణి పిల్లలు వచ్చి వాలేవి, కాసేపు నడిచేవి, వెళ్లిపోయేవి. ఇంతటి మర్యాదస్తులతో నేనేం చెయ్యను? ఇంట్లో ఇరవై మూడు గడియారాలున్నాయి. అన్నీ గంటలు కొడతాయి. ఒక్కటీ 'తిన్నావా' అని అడగదు."

"అయ్యో, బాబాయిగారూ!"

"నర్సమ్మగారూ, నన్ను తిట్టండి. తిట్టి, మీ పెట్టెలు మాత్రం ఉంచుకోండి. మోసపు పని చేశాను. మీకు తెలిస్తే..."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"మొదటి రోజే తెలుసు. ముప్ఫై ఏళ్లు ఆసుపత్రిలో చేశాను, ఆమాత్రం తెలియదా? తేనెటీగ కుడితే కొండి ఒంట్లోనే ఉండిపోతుంది. మీ చేతికి కొండీ లేదు, వాపూ లేదు. పట్టకారు గుర్తులు మాత్రం రెండు, పక్కపక్కనే, చక్కగా గీత గీసినట్టు."

"తెలిసి కూడా తొమ్మిదిసార్లు మందు రాశారా?"

"మందు కాదు. ముఖానికి రాసుకునే క్రీము. లేని వాపుకి మందెందుకు దండగ?"

"అందుకేనా ఆ వాసన! అమ్మాయీ, నేను రెండు రోజులు చెయ్యి కడుక్కునేవాణ్ణి కాదు."

"అమ్మా, ఒక్క నిమిషం. తెలిసి కూడా నోరు మెదపలేదా? పెట్టెలు పోయేవి కదా!"

"పోతే పోయేవి. ఈ వయసులో ఆయన నీ ముందు తల దించుకోవడం నేను చూడలేను."

"నర్సమ్మగారూ... కోపం రాలేదా మీకు?"

"ఎందుకు రాలేదు? చాలా వచ్చింది. మనిషిని పిలవడానికి గిల్లుకోవాలా, నోరు లేదా అని వచ్చింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఊరికే రమ్మని పిలిచి ఉంటే ఏం పోయేది?"

"మరి మీరూ పిలవలేదు కదండీ!"

"నేనెందుకు పిలుస్తాను? ఎవరైనా ఏమనుకుంటారు? నేను ఎవర్నీ పిలవలేదు, పిలవను కూడా."

"పిలవలేదా అమ్మా? ఫైలు తియ్యనా?"

"తియ్యకు."

"కొత్త రాణి కోసం ఫిబ్రవరిలో పెట్టిన దరఖాస్తు. అంటే బాబాయిగారి మొదటి గిల్లుడుకి మూడు నెలల ముందు. కారణం అనే గడి ఉంటుంది. అందరూ తేనె కోసం అనే రాస్తారు."

"తల్లీ, నీకు దణ్ణం పెడతాను. ఇటివ్వు ఆ కాగితం!"

"నేనొక్కదాన్నేనా అమ్మా, మా ఆఫీసంతా చదివింది. వినండి బాబాయిగారూ. 'కారణం: పోయినేడు మా ఈగ కుట్టినప్పటి నుంచి పక్కింటి గడియారాలాయన భయపడి గోడ ఇవతలికి రావడం మానేశారు. సాయంత్రం పూట ఆయన మా పెరట్లోకి వచ్చి నిశ్చింతగా కూర్చునేటట్టు, మీ దగ్గరున్న వాటిల్లో బాగా సాధువైన రాణిని ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.'"