వెయ్యి ఊళ్లు కట్టిన జగన్నాధం గారు

1994 జూలై 11, సోమవారం ఉదయం, విజయనగరం జిల్లా ఆరోగ్య కార్యాలయంలో గణాంక సహాయకులుగా శ్రీ పొట్నూరు జగన్నాధం గారు తొలి సంతకం చేశారు. రామతీర్థం దగ్గర వరి, నువ్వులు పండించే కుటుంబం నుంచి వచ్చి, గణాంకశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తిచేసిన ఆ యువకునికి మొదట అప్పగించిన పని జ్వరాల నివేదికలు కూడడం. కూడిక సరిపోయినా వారు ఊరుకోలేదు. ఆ అంకెలు ఎలా పుట్టాయో చూడాలని మర్నాడే గరివిడి బస్సెక్కారు.

2009లో శ్రీకాకుళంలోని మా వైద్య కళాశాలకు గణాంక అధ్యాపకులుగా వచ్చారు. లెక్కలంటే గుండె జారే వైద్య విద్యార్థులు వారి తరగతిలో నవ్వుతూ కూర్చునేవారు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంట్లో ఉన్న తమ శ్రీమతి నారాయణమ్మ గారికి ఫోను చేసి, "ఈరోజు కూరేటి?" అని అడగనిదే వారు క్యారేజీ మూత తీసేవారు కాదు. మూత తీస్తే కూర కనబడుతుంది కదా అంటే, "కనబడ్డం యేరు, ఆవిడ సెప్పడం యేరు" అనేవారు. కొత్తగా పెళ్లయినవారెవరైనా లెక్కలతో పాటు వారి దగ్గర నేర్చుకోదగిన పాఠం ఇది.

వారి ఉద్యోగ జీవితంలో మేము మరువలేని ఘట్టం మూడేళ్ల కిందటిది. తీర గ్రామాల్లో మూత్రపిండాల వ్యాధిపై మా విభాగం సర్వే జరిపింది. పీజీ చేస్తున్న డాక్టర్ ధనలక్ష్మి గారి థీసిస్ దాని మీదే. వ్యాధి ఉందా, లేదా అన్న ప్రశ్నకు ఏ కారణం ఎంత బరువు వేస్తోందో తూచే లాజిస్టిక్ రిగ్రెషన్ లెక్కలో ఎండుచేప దోషిగా తేలింది. ఎండుచేప మానుకోమని కరపత్రం అచ్చుకు సిద్ధమైంది. అది ఊళ్లలోకి వెళితే, చేపలు ఎండబెట్టి అమ్ముకునే ఆడవాళ్ల బతుకుతెరువు ఆ వారంలోనే పోతుంది.

"రోగులు తక్కువ, మనం అనుమానించిన కారణాలు ఎక్కువ. ఈ జవాబు గట్టిదో కాదో ఒకపాలి కుదిపి సూద్దుమమ్మా" అన్నారు జగన్నాధం గారు. ఆ కుదుపు పేరు బూట్‌స్ట్రాప్. సర్వేలోని మనుషుల్లోంచి కంప్యూటరు ఒకరిని యాదృచ్ఛికంగా తీసి, రాసుకొని, మళ్లీ గుంపులో కలిపి, ఇంకొకరిని తీస్తుంది. అలా అంతమందితోనే కొత్త ఊరు తయారవుతుంది. అందులో కొందరు రెండుసార్లు ఉంటారు, కొందరు అసలు ఉండరు. ఆ ఊరితో లెక్క మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. ఇలా వెయ్యి ఊళ్లు కట్టారు. దాదాపు ప్రతి ఊళ్లోనూ ఎండుచేపే దోషి! ధనలక్ష్మి గారు స్వీట్లు పంచారు. జగన్నాధం గారు ఒక స్వీటు తిని, బాగుందని ఇంకొకటి తీసుకొని, "పదమ్మా, ఒకపాలి ఊరెల్లొద్దుము" అన్నారు.

వాళ్లు వెళ్లిన తీర గ్రామంలో సర్వే సిబ్బంది మరో శిబిరం నడుపుతున్నారు. చేపలమ్మే కూర్మమ్మ గారు కొడుకులూ కోడళ్లతో వచ్చి కూర్చున్నారు. ఎండుచేప ఎన్నాళ్లకోసారి తింటారని చిన్నకోడలు గౌరిని అడిగితే, జవాబు అత్తగారి నుంచి వచ్చింది.

"రోజూ అని రాసీ బాబూ. మా ఇంటోళ్లందరికీ అదే రాసీ."

"ఆ అమ్మాయిని సెప్పనీవమ్మా" అన్నారు జగన్నాధం గారు.

"దాన్నేటి అడుగుతావు? వండింది నాను, ఎట్టింది నాను. దాని కడుపులోకి ఏటెల్లిందో నాకు తెల్దేటి?"

గౌరి తల దించుకునే అంది: "నాను కంచం సివరికి తోసేస్తానత్తా. పెళ్లయిన కాణ్ణుంచీ ఒక్క ముక్క ముట్నేదు."

"ఒసే! మరి కంచంలో ముక్కలేటవుతన్నాయే?"

"మీ అబ్బాయి తినేస్తన్నాడు."

శిబిరమంతా గొల్లుమంది. ఆ అబ్బాయి సముద్రం వైపు తిరిగిపోయాడు. నవ్వనిది జగన్నాధం గారొక్కరే. ఇంటిల్లిపాదికీ పెద్దావిడే జవాబు చెప్పడం అక్కడి మర్యాద. మొదటి సర్వేలోనూ సిబ్బంది ఇంటింటా ఆ పెద్దావిడ మాటనే అందరి పేరునా రాసుకొచ్చారు. నలుగురి సాక్ష్యం అనుకున్నది నిజానికి ఒక్క నోటి మాట. వెయ్యి ఊళ్లు కట్టినా ఆ ఒక్క మాటనే విడివిడి మనుషుల మాటగా మళ్లీ మళ్లీ లెక్కించారన్నమాట.

"తప్పులో నాకూ వాటా ఉన్నాదమ్మా. మనిషిని మనిషినీ తీసేను, ఇంటిని ఇంటినీ తియ్యాల" అన్నారు తిరుగు బస్సులో.

ఈసారి ఇల్లు ఇల్లంతా ఒక్కటిగా తీస్తూ మళ్లీ వెయ్యి ఊళ్లు కట్టారు. కొన్ని ఊళ్లలో ఎండుచేప దోషి, కొన్నిట్లో నిర్దోషి. కొన్నిట్లో ఏకంగా మేలు చేసినట్టు కూడా వచ్చింది. వయసు, రక్తపోటు, ఇంట్లో ఇదివరకే ఆ జబ్బు ఉండడం మాత్రం చెక్కుచెదరలేదు. కరపత్రం ఆగింది. ధనలక్ష్మి గారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంక నా థీసిస్‌లో ఏం మిగిలింది సార్?"

"నిలబడింది మిగిలిందమ్మా. దాన్తో పని సేద్దుము."

చేశారు. మిగిలిన ఆ మూడింటినే చిన్న ప్రశ్నావళిగా మలచి ఆరోగ్య కార్యకర్తల చేతికిచ్చారు. దాని ఆధారంగా రక్తపరీక్షకు పిలిస్తే విసుక్కుంటూ వచ్చిన అసిరయ్య గారికి జబ్బు తొలిదశలోనే బయటపడింది. మందులు వాడుతూ ఆయన ఇప్పటికీ వేటకు వెళుతున్నారు.

కూర్మమ్మ గారికి సంగతి చెప్పడానికి జగన్నాధం గారు స్వయంగా వెళ్లారు.

"అయితే నా సేపలు మంచియ్యే కదా?"

"మంచియ్యని అన్లేదమ్మా. సెడ్డయ్యని రుజువవలేదన్నాను. ఇప్పుడు ఒక్కొక్కరినీ యేరేగా అడుగుతన్నాం."

"మరి సెడ్డయ్యని తేలితే?"

"నానే వచ్చి సెప్తాను."

"రా మరి. కాగితం ఇసిరీసి పోకు. కూకొని సెప్పు."

ఒక్కొక్కరినీ వేరుగా అడిగే ఆ రెండో సర్వే ముగింపుకొచ్చింది. గౌరి ఈసారి తన జవాబు తానే చెప్పిందని విన్నాం. ఆ లెక్క తేలేనాటికి జగన్నాధం గారు మా విభాగంలో ఉండరు. ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. అయినా జవాబు ఎటు తేలినా చెప్పడానికి తానే వెళతానని వారు మాకు ముందే చెప్పి ఉంచారు. తీరపు ఇసుకలో నడిచివెళ్లే కాళ్ల సత్తువ, మంచి కబురైనా చేదు కబురైనా ఎదుట కూర్చుని చెప్పగల ఆ నిబ్బరం వారికి నిండుగా ఉండాలనీ, శ్రీమతి నారాయణమ్మ గారితో కలిసి వారు చిరకాలం ఆరోగ్యంగా, ఆనందంగా జీవించాలనీ మనసారా కోరుకుంటున్నాం.