చివరి పాటకి ముందే లేచిపోయే మనిషి

నన్నడుగుతున్నావా? బాగానే ఉంది. ఆ కాగితం ఇటియ్యి, చూద్దాం. "జీవితాంతం పాటల నాటకాలు చూసిన పెద్దవారికి బాగా నచ్చిన అయిదు నాటకాలు"... మీ కాలేజీ వాళ్ళకి వేరే పని లేదటమ్మా? నేను నాటకాల హాలు తలుపు దగ్గర నిలబడ్డవాణ్ణే తల్లీ, కాదన్ను. ఇరవై తొమ్మిదేళ్ళు. అయితే మాత్రం? పెళ్ళిళ్ళల్లో వంట చేసేవాడు పెళ్ళి చూస్తాడా? ఒక్క నాటకం కూడా నేను చివరిదాకా చూళ్ళేదు. నవ్వకు. నిజం. ఆఖరి పాట ఎత్తుకోబోతున్నారనగా మా మేనేజరు గంట కొట్టేవాడు, లోపల కాదు, బయట వరండాలో, చిన్న గంట. అది వినగానే నేను తలుపు మూసి బయటికి రావాలి. వరండా లైట్లు వెయ్యాలి, పెద్ద గేటు రెండు రెక్కలూ తీసి రాళ్ళు అడ్డం పెట్టాలి, సైకిళ్ళవాడు నిద్రపోతుంటే లేపాలి. ఇవన్నీ అయ్యేసరికి లోపల చప్పట్లు. ఇంక జనం నా మీద పడి పోవడమే. నీకు నాటకాలు చూసినవాడు కావాలంటే గడియారాలాయన్ని అడగాలి. ఆయనేమో పోయి ఎన్నేళ్ళయిందో. ఇరవై రెండా? ఇరవై మూడా? మీ నాన్న పెళ్ళికి ముందు సంవత్సరం. లెక్కేసుకో.

ఎవరంటే... మార్కెట్ రోడ్డులో మెట్లకింద చిన్న కొట్టుండేది, గడియారాలు బాగుచేసేవాడు. మనిషి రెండు చేతులూ చాచితే అటు గోడా ఇటు గోడా తగిలేది. కంటికి ఆ నల్ల గొట్టం పెట్టుకుని వంగి కూర్చునేవాడు, ఎవరొచ్చినా తలెత్తేవాడు కాదు. "ఏం పాడైంది?" అంతే మాట. వారమంతా అలాగే. ఆదివారం మూడింటి ఆటకి మాత్రం వేరే మనిషి. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, నాలుగో వరస చివరి కుర్చీ. చివరి కుర్చీ ఎందుకంటే మధ్యలో లేవాలి కదా, ఎవరి కాళ్ళూ తొక్కకుండా. ఆయనకి నాటకాలంటే... ఎలా చెప్పాలి... కొందరికి పిచ్చి ఉంటుంది, అరుస్తారు, ఈలలేస్తారు. ఈయన అలా కాదు. పెదాలు కదుపుతూ కూర్చునేవాడు. వాళ్ళకంటే అరక్షణం ముందే. పాడడం మాత్రం రాదు పాపం. ఒకసారి వర్షంలో బస్సు కోసం నా పక్కన నిలబడి ఒక చరణం ఎత్తుకున్నాడు, సైకిళ్ళవాడు లోపల్నుంచి "ఎవరికైనా ఒంట్లో బాగాలేదా" అన్నాడు.

ఎందుకు లేవాలంటావా, అదే చెప్తున్నా. ఆయన భార్య మంచంలో ఉండేది. మేడమెట్ల మీంచి పడింది, నడుం కింద ఇంక కదలిక లేదు. పిల్లల్లేరు. పగలు ఒకామె వచ్చి చూసుకునేది, ఆమె ఆరున్నరకల్లా వెళ్ళిపోవాలి, ఆమెకీ ఇల్లుంది కదా. ఆట అయ్యేది ఆరుంబావుకి. బస్సేమో ఆరింటికి. అది తప్పితే ఇంకోటి ఏడున్నరకి. కాబట్టి ఆఖరి పాటకి ముందు లేవాల్సిందే. చెప్పులు చేతిలో పట్టుకునేవాడమ్మా, చప్పుడవకుండా. వంగి, చీకట్లో, పిల్లిలాగా వచ్చి తలుపు తోసుకుని నా దగ్గర పడేవాడు. మొదటిసారి అలా వచ్చినప్పుడు నేను ఉద్యోగంలో చేరి మూడు వారాలు. చెప్పులు కింద వేసి తొడుక్కుంటూ, "ఏమోయ్ ద్వారపాలకా, చివర ఏమవుతుంది? రెండు ముక్కల్లో చెప్పు, బస్సొచ్చేస్తుంది" అన్నాడు. 'పడవవాడి కూతురు' ఆడుతున్నారప్పుడు. కుర్రాడు పడవెక్కి వెళ్ళిపోతాడు, గాలివాన మొదలవుతుంది, పిల్ల ఒడ్డున నిలబడి ఉంటుంది, అక్కడిదాకా నాకూ తెలుసు. తర్వాత నాకేం తెలుసు? తెలియదు అని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. హాల్లో పనిచేస్తూ తెలియదంటే నామోషీ కదా ఆ వయసులో. రోజూ చప్పట్లు గట్టిగా వినబడతాయి, అంటే మంచిగానే అయ్యుంటుందిలే అనుకున్నా. "పడవ తిరిగొస్తుంది సార్. ఒడ్డుకొస్తుంది. కుర్రాడు దిగుతాడు" అన్నా. ఆయన మొహం చూడాలి నువ్వు. "హమ్మయ్య, మా ఆవిడకి పోయిన వారం నించీ అదే బెంగ" అని పరిగెత్తాడు.

అంటే ఇంటికెళ్ళి భార్యకి చెప్పేవాడన్నమాట. మొదట్నుంచీ చివరిదాకా, పాటలతో సహా. ఆ గొంతుతో! మళ్ళీ ఆదివారం వచ్చి, "ఏమోయ్, కుర్రాడు దిగినప్పుడు పిల్ల ఏమందిట? ఆవిడ అడుగుతోంది." నేనేదో చెప్పేవాణ్ణి. పై వారం "తండ్రి ఒప్పుకున్నాడా?" ఒప్పుకున్నాడు సార్, మొదట బింకంగా ఉండి తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. ఒక్కో నాటకం నాలుగు నెలలు ఆడేది, నాలుగు నెలలూ నేను కలుపుతూనే ఉన్నా. 'తప్పిపోయిన ఉత్తరం' వచ్చింది, ఉత్తరం దొరికింది అన్నాను. 'మూగరాణి' వచ్చింది, మాటొచ్చింది అన్నాను. 'ముగ్గురు దర్జీలు' నవ్వు నాటకం, దానికి పెద్ద కష్టపళ్ళేదు. పదకొండేళ్ళు తల్లీ. పాటల పుస్తకం అమ్మేవాళ్ళు కదా, అందులో చూసుకోలేదా అంటావేమో, అందులో సగం కథ రాసి "మిగతాది రంగస్థలం మీద" అని వదిలేసేవాళ్ళు. కొట్టుకి వచ్చినవాళ్ళు చివర ఏమైందో చెప్పబోతే, "ఆగండాగండి, నాకు దానికో మనిషున్నాడు" అనేవాడట. ఆ మనిషిని నేను.

నాకు అనుమానం రాలేదా అంటే... వచ్చింది. రాకపోవడమేంటి. జనం బయటికొచ్చేటప్పుడు ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకుంటూ రావడం చూశాను కదా. ఒకాయన నా ఎదురుగానే "పాపం, ఆ పడవ మునక్కుండా ఉండాల్సింది" అంటూ పోయాడు. వినీ విననట్టు ఊరుకున్నా. అసలు సంగతి నాకు తెలిస్తే, అప్పుడు నేను చెప్పేది అబద్ధమవుతుంది. తెలియనంతసేపూ ఏదో చెప్తున్నానంతే. అలా సర్దిచెప్పుకున్నా. ఏం చేస్తాం. ఆ మంచినీళ్ళు ఇలా అందుకో.

ఒకసారి గొడుగు మర్చిపోయాడు. సోమవారం నాకు సెలవు, ఇచ్చేసొద్దామని ఇంటికెళ్ళా. ఆయన కొట్లో ఉన్నాడు. చిన్న గది, కిటికీ పక్కన మంచం, తలగడ పక్కన రేడియో. గోడ మీద గడియారాలు ఉంటాయనుకున్నా, ఒక్కటీ లేదు. ఆవిడ, "రండి అన్నయ్యగారూ, మీరేనా హాల్లో ఉండేది, కూర్చోండి" అంది. సన్నగా ఉన్నా కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. మంచినీళ్ళిప్పించింది. కాసేపు అవీ ఇవీ అయ్యాక మెల్లిగా అంది, "అన్నయ్యగారూ, ఒక మాట మీ కడుపులో పెట్టుకోండి. బుధవారం మధ్యాహ్నం రేడియోలో మీ హాలు నాటకాలే వేస్తారు. పూర్తిగా వేస్తారు. ఆ పడవ తిరిగి రాదు. నాకు తెలుసు. ఆయన నాకోసం మార్చి చెబుతున్నారు. ఎక్కడ నేను దిగులుపడతానో అని, రోడ్డంతా ఆలోచించుకుంటూ వస్తారు కాబోలు. ఈ వారం ఏం కలిపారో చూద్దామని నేనూ అడుగుతుంటాను, పిల్ల ఏమంది, తండ్రి ఏమన్నాడు అని. ఎన్నేళ్ళయినా విసుక్కోరు. నాకింకేం కావాలి చెప్పండి?" అని నవ్వింది. "నాకు తెలుసని ఆయనతో అనకండేం, చిన్నబుచ్చుకుంటారు."

నేనేమనాలి? అవి నేను కల్పించినవమ్మా, ఆయనకీ తెలియదు, అని ఆ మంచం పక్కన కూర్చుని ఎలా అంటాను? గొడుగు మూల పెట్టి వచ్చేశా. ఆ తర్వాత మాత్రం... ఇంకా జాగ్రత్తగా చెప్పేవాణ్ణి. ఆవిడ వింటోందని తెలుసు కదా. వారమంతా ఆలోచించేవాణ్ణి. మీ బామ్మ "ఏంటి, మీలో మీరే గొణుక్కుంటున్నారు" అనేది.

ఆవిడ పోయింది. జ్వరమొచ్చి, నాలుగు రోజుల్లో. మూడు ఆదివారాలు ఆయన రాలేదు. నాలుగో ఆదివారం వచ్చాడు. అదే చొక్కా, ఇస్త్రీ లేదు. నా వైపు చూసి తలూపి లోపలికెళ్ళాడు. మళ్ళీ 'పడవవాడి కూతురే', అంతకు రెండు వారాల ముందే కొత్తవాళ్ళతో మొదలెట్టారు. గంట కొట్టారు, నేను తలుపు మూసి బయటికొచ్చా, లైట్లేశా, గేటు తీశా, ఆ తలుపే చూస్తూ నిలబడ్డా. తెరుచుకుంటుంది, చెప్పులు చేత్తో పట్టుకుని వస్తాడు అని. తెరుచుకోలేదు. ఇంక ఆయనకి ఆరింటి బస్సుతో పనేముంది? నాకది తట్టనే లేదు. చప్పట్లు మోగాయి. జనమంతా పోయారు. అందరికంటే వెనక వచ్చాడు, చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. నా దగ్గర ఆగి, "ఏమోయ్, ఇవాళ చివర మార్చారా?" అన్నాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పానా? "మార్చారు సార్. కొత్త జట్టు కదా" అన్నాను. "ఎవర్నడిగి మార్చారు?" అన్నాడు. ఆ మనిషికి కోపం రావడం నేను మొదటిసారి చూడడం. నేననుకున్నా, గొణుక్కుని ఊరుకుంటాళ్ళే అని. ఊరుకుంటాడా! మర్నాడు కొట్టు మూసుకుని ఉత్తరం రాసుకుని మేనేజరు గదికి వచ్చేశాడు. రెండు పేజీలు. పాత ముగింపు మళ్ళీ పెట్టాలి, కుర్రాడు దిగాక తండ్రి కళ్ళు తుడుచుకునే ఘట్టం అన్నిటికంటే గొప్పది, దాన్ని తీసెయ్యడం అన్యాయం అని. ఆ ఘట్టం నాది! వరండాలో ఒక సాయంత్రం సైకిళ్ళవాడు ముక్కు చీదుతుంటే చూసి పుట్టించింది. మేనేజరు చదివి చదివి నవ్వాడు. "అయ్యా, ఈ నాటకం మొదట్నుంచీ ఇంతే. పడవ మునిగిపోతుంది. మీరెక్కడ చూశారో?" ఈయన ఒప్పుకోడు. సెలవైనా సరే, నాకు కబురొచ్చింది. గదిలోకెళ్ళేసరికి ఇద్దరూ నిలబడి ఉన్నారు. మేనేజరు, "ఏమయ్యా, ఇన్నేళ్ళుగా ఉన్నావు, నువ్వు చెప్పు. చివర ఎప్పుడైనా మార్చామా?" గడియారాలాయన నా వైపు ధీమాగా చూస్తున్నాడు. సాక్షి వచ్చాడు కదా అని.

"తెలియదు సార్. చివర నేనెప్పుడూ చూళ్ళేదు" అన్నా.

తలకొట్టేసినట్టయింది. ఆయన ఆ ఉత్తరం మేనేజరు చేతిలోంచి తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "క్షమించండి, నాదే పొరపాటు" అన్నాడు, మేనేజరుతో. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. నా మొహం చూడకుండా, "ఆవిడ అవే నమ్ముకుని పోయిందోయ్" అన్నాడు.

నమ్మలేదు సార్, ఆవిడకి అన్నీ తెలుసు, మీరే తనకోసం మార్చి చెబుతున్నారని మురిసిపోయింది... నాలిక చివరిదాకా వచ్చింది తల్లీ. ఆ మాటంటే ఆయన బరువు దిగేది. దిగేదా? ఆవిడ మురిసిపోయింది కూడా తనది కాని కల్పన వినేనా అని ఇంకా కుంగిపోయేవాడా? ఇప్పటికీ తేల్చుకోలేదు. అదంతా ఆలోచించి ఆగానని చెప్పుకుంటాను గానీ, సిగ్గుతో ఆగాను. మేనేజరు చూస్తున్నాడని. అంతే, అంతకంటే పెద్ద కారణం ఏం లేదు.

ఆ తర్వాత ఆయన హాలుకి రాలేదు. ఒక నెల ఆగి నేనే కొట్టుకెళ్ళా. చెప్పేద్దామనే వెళ్ళా. తలెత్తలేదు. "ఏం పాడైంది?" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. నాకేం తోచక చేతి గడియారం విప్పి ఇచ్చా. బాగానే నడుస్తున్న గడియారం. వెనకమూత తీశాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, చాలాసేపు విన్నాడు. మూత బిగించి బల్ల మీద పెట్టాడు. "బాగానే ఉంది. తీసుకెళ్ళు." తీసుకొచ్చేశా. ఇంకోసారి వెళ్దాంలే అనుకుంటూ ఉండగానే ఆ చలికాలం పోయాడు. ఇదిగో, అదే గడియారం. ఇప్పుడు నడవదు, ఊరికే పెట్టుకుంటా.

ఏంటి? నీకు తెలుసా చివర ఎలా ఉంటుందో? ఆ నాటకం ఫోన్లో ఉందా? వద్దమ్మా. పెట్టకు. వద్దన్నానా.

రాసుకో. మొదటిది 'పడవవాడి కూతురు'. రెండోది 'మూగరాణి'. మూడోది 'ఉత్తరం'. తర్వాత 'దర్జీలు'. అయిదోది నీ ఇష్టం. మొదటిదాని పక్కన, పడవ తిరిగొస్తుంది, తండ్రి కళ్ళు తుడుచుకుంటాడు అని రాయి. ఏం, రాయవా? తప్పంటారా మీ వాళ్ళు? ...

సరేలే. ఆ కిటికీ వేసెయ్, చలి కొడుతోంది. మీ అమ్మ వచ్చిందేమో చూడు.