గాజుల మేళం

"అవ్వా, అమ్మ పెళ్ళిలో మేళమే లేదంట గదా? నాయనమ్మ ఇప్పటికీ చెప్తా ఉంటుంది."

నిజమే అమ్మణ్ణీ. కూచో, చెప్తా. ఆడ కాదు, ఇట్టా చూరు కిందికి జరుగు. ఆ చింతచెట్టు కింద కూచుంటే నెత్తిన రెట్ట పడుద్ది. పైకి చూస్తే చూడు గానీ నోరు మూసుకొని చూడు. ఈ పూట కొంగల కాపలా మన ఇంటి వంతు, మధ్యలో కాకులొస్తే లేచి తోలాల, సరేనా.

ఏం చెప్తా ఉండా? ఆఁ, మేళం. మీ నాయనమ్మ చెప్పేది సగమే. మిగతా సగం ఆమె చెప్పదు, నేను చెప్తా.

ఈ ఎర్రకాళ్ళ కొంగలు ఉండాయే, చలికాలం ముందర మా ఊరికి వస్తాయి. గూళ్ళు కట్టి, గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలకి రెక్కలొచ్చి ఎండలు ముదిరినాక పోతాయి. పురిటికొచ్చిన ఆడబిడ్డలు అంటాం మేం. పురిటింటి ముందర ఎవురన్నా డప్పు కొడతారా? కొట్టరు గదా. అందుకని అవి ఉన్నన్నాళ్ళు ఊళ్ళో మేళం లేదు, టపాకాయ లేదు. ఇంటికొక వంతు కాపలా. కిందపడిన పిల్లని గూటికెక్కించాల, కుక్కల్ని తోలాల, ఉండేలు పట్టుకొని ఎవుడన్నా వస్తే వాణ్ణీ తోలాల. జీతమా? ఎవురిస్తారు జీతం. ఆ రెట్ట కలిసిన చెరువు నీళ్ళు మన పైరుకి పోతాయి, అదే జీతం.

ఒక ఏడు మా మరిది, అదే మీ చిన్నతాత, ఎలక్షన్లో గెలిచినోళ్ళతో చేరి టపాకాయల సరం పేల్చినాడు. గెలిచింది వాళ్ళు, లేచిపోయింది కొంగలు. పిల్లలు గూళ్ళల్లో అరిచీ అరిచీ ఊరుకున్నాయి. మరుసటేడు ఒక్కటి రాలా. బోడి చెట్లు చూస్తే నాకు ముద్ద దిగేది కాదు. మా మరిదితో మూడు నెలలు, కాదు కాదు, ఉగాది దాకా మాట్లాడలా నేను. మళ్ళీ అవి వచ్చిందాకా ఊరు ఊరుగా లేదు.

ఆ తర్వాతనే మీ అమ్మకి మనుబోలు సంబంధం కుదిరింది. మీ నాయన అప్పుడు సన్నగా, సిగ్గుగా, ఇప్పుడు చూస్తే నమ్మవులే. ముహూర్తమేమో మాఘంలో పడింది. చెట్ల నిండా కొంగపిల్లలు. మేళం కుదరదని ముందే చెప్పినాం. మీ నాయనమ్మ మూతి తిప్పి, "పీనుగ లేచేటప్పుడు కూడా డప్పు కొడతారు గదా వదినా" అనింది. ఆమె తమ్ముడు సుబ్బరామయ్య ఉండాడే, ఆయన ఇంకో ఆకు ఎక్కువ చదివినోడు. "శ్రీహరికోటలో రాకెట్టు లేస్తే బెదరని కొంగలు మా సన్నాయికి బెదురుతాయా?" అన్నాడు. నేనూరుకుంటానా? "రాకెట్టు ఒక తూరి పోతే మళ్ళీ రాదన్నా, మీ మేళగాళ్ళు భోజనాలకి వెనక్కొస్తారు" అన్నా.

అసలు నా భయం వేరే. తాళి కట్టేటప్పుడు గట్టిమేళం ఎందుకు వాయిస్తారో తెలుసునా నీకు? ఎవురన్నా తుమ్మితే వినపడకుండా. ఈ సుబ్బరామయ్యకి ముక్కుపొడుం అలవాటు. ఆ మనిషి తుమ్మితే పక్కింట్లో దూడ పలుపు తెంపుకుంటుంది. తాళి కాడ ఆ తుమ్ము వినపడిందనుకో, రేపు పాలు విరిగినా ఆ తుమ్మే అంటారు, బిడ్డకి జొరమొచ్చినా ఆ తుమ్మే అంటారు. నా కూతురు బతికినన్నాళ్ళూ దాని కిందే బతకాల. ఒక్కతే ఆడబిడ్డ నాకు. అన్నం ముందర కూచున్నా అదే దిగులు.

మా ఊళ్ళో గట్టిమేళం బదులు గాజుల మేళం. వాకాడు నుంచి మస్తాన్‌బీ వచ్చి పెళ్ళికి ముందురోజు ఆడోళ్ళందరికీ మోచేతుల దాకా గాజులు తొడిగేది. ఇప్పుడు జత గాజులకి పెట్టే డబ్బుకి అప్పుడు రెండు చేతులూ నిండేవిలే. తాళి కట్టేటప్పుడు అందరం చేతులెత్తి గలగలా ఆడిస్తాం. చిన్న దగ్గుకైతే అది చాలు. సుబ్బరామయ్య తుమ్ముకి మస్తాన్‌బీ అంగడంతా ఎత్తుకొచ్చినా చాలదు. అందుకని పొద్దున్నే పోయి, "అన్నా, నీ పొడుం డబ్బీ ఒక పూట ఇయ్యి" అని బతిమాలి తీసుకున్నా. రెండో డబ్బీ ఉందని నాకేం తెలుసు.

ఇదిగో, ఆ కాకి. తోలు, తోలు. ఆ, రా.

మీ నాయనమ్మ విడిది వాకిట్లో పట్టుచీర కట్టుకొని, మొహం గంటు పెట్టుకొని కూచోనుంది. పైన చెట్టు మీద నుంచి ఆమె కాళ్ళ ముందరే దబ్బుమని కొంగపిల్ల పడింది. నేను దాన్ని తీసి, ఇంకేం తోచక, "కాస్త పట్టుకో వదినా, నిచ్చెన తెప్పిస్తా" అని ఆమె ఒళ్ళో పెట్టేసినా. పెట్టీ పెట్టకముందే అది తిన్న చేపంతా ఆ పట్టుచీర మీద కక్కింది. అయిపోయిందిలే పెళ్ళి, అనుకున్నా. ఆమె చీర చూసింది, పిల్లని చూసింది. "మావోడు కూడా పాలు తాగినాక ఇట్టే కక్కేవోడు" అని దాని వీపు తట్టడం మొదలుపెట్టింది. మీ చిన్నతాత నిచ్చెనెక్కి దాన్ని గూట్లో పెట్టిందాకా ఆమె చెట్టు కిందే నిలబడి, మెల్లిగా, మెల్లిగా అని ఒకటే ఆరాటం. చీర మార్చుకోమంటే తర్వాతలే అనింది.

ఇంక ముహూర్తం. అయ్యవారు చెయ్యెత్తినాడు, మేం గాజులెత్తినాం. మీ నాయన తాళి పట్టుకొని వంగినాడు. సుబ్బరామయ్య తల మెల్లిగా వెనక్కి పోతా ఉంది. నేను చూస్తానే ఉండా, ఏం చేసేదానికి లేదు. తుమ్మినాడు. పందిరి గుంజలు అదిరినాయి. గాజులు ఆగిపోయినాయి. మీ నాయన వంగినోడు వంగినట్టే ఉండిపోయినాడు. మనుబోలోళ్ళు, మా ఊరోళ్ళు, అందరూ మీ నాయనమ్మ మొహం చూస్తా ఉండారు.

ఆమె చుట్టూ చూసింది. "ఏంది అందరూ నా మొహం చూస్తారు? చెట్టు మీద కొంగ అరిచింది. నువ్వు కట్టు నాయనా" అనింది.

నవ్వొద్దు, విను. ఈ కొంగలు పెద్దయినాక అరవవు. పిల్లలు అరుస్తాయి గానీ, అంతలావు గొంతు వాటికెక్కడిది. పెద్దవి ఊరికే ముక్కులు టకటకలాడిస్తాయి. ఊరంతటికీ తెలుసు ఆ సంగతి. అయినా మస్తాన్‌బీ ముందుగా చేతులెత్తి గాజులాడించింది, అందరం ఆడించినాం. నేనైతే ఏడుస్తా ఆడించినా.

ఇప్పటిదాకా మీ అమ్మని ఆ తుమ్ము పేరు చెప్పి ఒక్క మాటనలా ఆమె. మేళం లేదని మాత్రం అంటుంది. అననీలే, ఆ మాత్రం దెప్పకపోతే వియ్యపురాలెట్టా అవుతుంది.

నీ పెళ్ళి కూడా ఈడే, మాఘంలోనే చేద్దాం. సుబ్బరామయ్య తాతని వెనక వరసలో కూచోబెడదాం. నువ్వు చల్లగా ఉండు తల్లీ. తుమ్ము వినపడితే కొంగ అరిచిందనే అత్త దొరకాల నీకు.