తేట తెమ్మంటే

"అమ్మమ్మా, ఈ గొంగడి అంచుకి నిప్పు రంగు దేంతో వేశావు?" అని అడిగి, ఫోను రికార్డింగులో పెట్టాను.

దేంతోనా? మోదుగుపూలతోనే. పూలయితే అందరూ ఉడకేస్తారు, పసుపొచ్చుద్ది. ఈ రంగు మాత్రం... ఉండు, మొదట్నించీ చెప్పాల.

నేను కాపరానికొచ్చి ఏడాదైంది. కాదు కాదు, ఏడాదిన్నర. మీ పెద్దమామ కడుపులో ఉన్నాడప్పుడు. మా పుట్టిల్లు పిడుగురాళ్ల పక్కన గదా, ఈ బొల్లాపల్లి కొండలు నాకు కొత్త. మా ఆడబిడ్డ పెళ్లి కుదిరింది. మనోళ్లల్లో పెళ్లికూతుర్ని గొంగడి మీదే కూచోబెట్టేది. అంచుకి రంగు నూలు కావాల. మన గొర్రెలా, అన్నీ నల్లవే. నాలుగే నాలుగు తెల్లవుంటే, వాటి బొచ్చు దాచి దాచి వడికింది మాయత్త. ఆ నూలు పోయిందంటే పెళ్లిలోపు మళ్లీ లేదు, తెలిసిందా?

ఇద్దరం కొండకి పోయి బుట్టెడు పూలేరుకొచ్చాం. నూలు పటిక నీళ్లల్లో నానేసి, పటిక అప్పుడు పది పైసలకి గుప్పెడిచ్చేవాళ్లులే, పూల రసంలో ఉడకేశాం. పసుపొచ్చింది. అదీ వెలిసిపోయినట్టు. నూలు తీసి బేసిన్లో ఏసి, మాయత్త మొకం మాడ్చుకుని, "ఒసేయ్, తేట తీసుకురా, జాడిద్దాం" అంది.

మా ఊళ్లో తేటంటే ఒకటే. సున్నపు తేట. నానేసిన సున్నం అడుక్కి దిగితే పైన నిలిచే నీళ్లు. ఇక్కడోళ్లకి తేటంటే ఒట్టి మంచినీళ్లంట! నాకేం తెలుసు? పెళ్లికి గోడలకెయ్యటానికి నానబెట్టిన సున్నం కుండ ఉంది వసారాలో. వొంచుకొచ్చి నూలు మీద పోశా.

"ఏందే ఇది, సున్నం వాసన!" అని అరిచింది చూడూ... "నా కూతురి పెళ్లి బుగ్గి చేశావు గదే! సున్నం తగిలితే ఉన్ని పీలికలవుద్దే!"

నూలు గబుక్కున లాగి, బిందెడు నీళ్లల్లో ముంచి పైకెత్తా.

ఎత్తితే... అమ్మాయ్, పూసిన మోదుగ చెట్టు చెట్టే నా చేతిలో ఉన్నట్టు! ఒక్క పోగు తెగలా.

మాయత్త నూలు లాక్కుని పోగు పోగూ లాగి చూసింది. ఆ నూలుతో అంచేసి గొంగడి నేశారు. పెళ్లినాడు మగపెళ్లోళ్లు "ఈ రంగు ఏ బజార్లో కొన్నారు వొదినా?" అంటే, "నేనే వేశా" అంది మాయత్త! నేను పక్కన విస్తళ్లు తుడుస్తా నవ్వుకున్నా.

మూడోనాడు పొద్దున్నే వచ్చింది మాయత్త, మెల్లంగా. "ఏమే, ఆ తేట ఎంత పోశావే? ఎంతసేపుంచావు?"

"నోటితో చెప్పేది కాదత్తా," అన్నా. "పూలేరుకొచ్చి కూచో. చూపిస్తా."

పోయిందమ్మా! బుట్ట చంకనేసుకుని కొండకి పోయింది మాయత్త. నేను పొయ్యి కాడ కాళ్లు చాపుకుని కూచున్నా.

నవ్వుతావేందే? నీకూ అట్టాంటి పొద్దు రావాల తల్లీ. నిన్ను తిట్టిన నోరే వచ్చి నిన్ను అడగాల. అప్పుడు మాత్రం దాచుకోమాక, చెప్పు. కాసేపు సతాయించి, చెప్పు.