మామయ్య చెవులకి కొత్త ట్వీటర్లు

గురజాల. శనివారం సాయంత్రం. ముందుగదిలో పెళ్ళయి నెల తిరగని మధుబాబు, ప్రేమలత.

"వచ్చేసినయ్! ఏమండీ, వచ్చేసినయ్! కొరియరతను ఇప్పుడే ఇచ్చి పోయాడు. రెండు ట్వీటర్లూ!"

"నెమ్మది, లతా. వీధంతా వినపడుద్ది. ముందు గడియ పెట్టు."

"పెట్టా. అబ్బ, ఎంత ముద్దుగా ఉన్నయ్యో చూడండి! పౌడర్ డబ్బా మూతంత."

"ముద్దు తర్వాత. నాన్న చర్చి నుంచి వచ్చేలోపు బిగించాల. ఆ స్క్రూడ్రైవర్ అందుకో."

"ఒక్కటి చెప్పండి. మామయ్య పాటలు వినే స్పీకర్లలో నిజంగా ఇవే పోయినయ్యా? ఇంకేదన్నా పోయుంటే?"

"చూశాగా. ఎడమ వైరు కుడికి, కుడి వైరు ఎడమకి మార్చా. ఆంప్లిఫయర్ బాగానే ఉంది. మీటరు పెడితే కింద పెద్ద స్పీకర్లకి ముల్లు కదిలింది. పైనున్న ఈ చిన్నవాటికి కదల్లా. లోపల తీగ కాలిపోయింది. తాళాలు, గంటలు, సన్నటి శబ్దాలన్నీ వీటిల్లోంచే రావాల."

"రెండూ ఒక్కసారేనా?"

"నువ్వు ట్రెబులూ వాల్యూమూ చివరిదాకా తిప్పితే ఒకటే ఎట్టా పోద్ది? ఆంప్లిఫయర్ తట్టుకోలేక గొంతు చించుకుంటే ముందు చచ్చేది ట్వీటరే."

"మీరు ఎగరలా నాతోపాటు? మంచమెక్కి మరీ ఎగిరారు!"

"ఎగిరా. కాదన్లా."

"అత్తయ్యా మామయ్యా కారంపూడి పోయి, ఇల్లంతా మనదే అయిన మొదటి పూట. ఎంత బాగుందో! ఆ పూటకి ఇంకో రెండు ట్వీటర్లు కాల్చినా తప్పులేదు."

"ఏమే!"

"సరే, సరే. కానీ మామయ్యకి అప్పుడే చెప్పాల్సింది."

"చెప్పలేదుగా."

"ఎట్టా చెప్పను? కాపురానికొచ్చిన వారానికే రిమోట్ నా చేతిలో పెట్టి, 'నా తర్వాత దీన్ని ముట్టుకునేది నువ్వేనమ్మా' అన్నారు. తెల్లారి పాటలు పెట్టుకుని, 'తాళాలు వినపడట్లా, నా చెవులు పోయినయ్' అని ఆయనంతట ఆయనే అనుకుంటే... చెప్పబోయి, కాఫీ తెస్తానని లోపలికి పోయా."

"ఇప్పుడు అది కూడా దాటిపోయింది. రాత్రి అమ్మతో అంటన్నాడు, తాళాలు వినపడనోడు చర్చిలో పాడే క్వయర్ ఎట్టా నడుపుతాడు, మానేస్తానని."

"మానేస్తారా? మీరు పుట్టకముందు నుంచీ నడుపుతున్న క్వయరు!"

"పాస్టరుగారికి ఆ మాట చెప్పడానికే పోయింది."

"అయ్యో, తొందరగా బిగించండి! ఈ ఎర్ర వైరు ఎటు?"

"ప్లస్సుకి. ఇటు, ఇటు. పాతవి మంచం కిందకి తోయి."

"ఒరేయ్ మధూ! దీపాల వేళ తలుపేందిరా బిగించావ్?"

"నాన్నా! వచ్చేశావా... ఒక్క నిమిషం!"

"కంగారేం లేదులే రా. కొత్త జంట. నేను వరండాలో కూర్చుంటా."

"అయ్యో మామయ్యా, అట్టాంటిదేం లేదు!"

"ఊరుకో లతా. అట్టాగే అనుకోనీ."

"తల కొట్టేసినట్టుంది నాకు. ఈ గదికి ఇంకో తలుపు లేదా?"

"కిటికీ ఉంది. చువ్వలతో."

"మామయ్యా... పాస్టరుగారితో మాట్లాడారా?"

"మాట్లాడానమ్మా. ఇంకెవర్నన్నా చూసుకోమన్నా."

"విన్నారా? ఆ గొంతు చూడండి. తలుపు తియ్యండి, చెప్పేస్తా. నావల్లే పాడైంది, మీ చెవులు బంగారంలా ఉన్నయ్ అని."

"ముందు పలుకుతయ్యో లేదో చూద్దాం. పలక్కపోతే నీ మాట నమ్ముతాడా? ఆయన పాట పెట్టు. తక్కువలో."

"పెట్టా."

"ఒరేయ్! ఆపమాకండి! ఒరేయ్ మధూ!"

"ఏమైంది నాన్నా?"

"తాళాలు! తాళాలు వినపడతన్నయ్ రా! తలుపు తీ!"

"తీశా, తీశా. మెల్లగా."

"మామయ్యా, ఇట్టా కూర్చోండి. మీకో మాట చెప్పాల. అసలు ఆ స్పీకర్లో..."

"తర్వాత తల్లీ. పాస్టరుగారు నా చెవుల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. నేను నమ్మలా. లోపల్లోపల విసుక్కున్నా కూడా. ఇంటికొచ్చి కూర్చున్నానో లేదో... చూడు, చూడు, గంట! వినపడిందా నీక్కూడా?"

"వినపడింది మామయ్యా. కానీ..."

"కానీ లేదు. కాసేపు మాట్లాడమాకండి. నన్ను ఏడవనీండి."

"ఏమండీ, చెప్పండి."

"నువ్వు చెప్పు."

"మీ నాన్న!"

"నీ మామయ్య!"

"ఏంది మీలో మీరు గొణుక్కుంటన్నారు? ఉండండి, పాస్టరుగారు ఫోన్ ఎత్తాడు. హలో, అయ్యగారూ! నేను, చిన్నప్పని! క్వయర్ నేనే నడుపుతానండీ, ఎవర్నీ చూడమాకండి. మీ ప్రార్థనతో దేవుడు నా చెవులు బాగుచేశాడని రేపు ఆరాధనలో మొదటి సాక్ష్యం నాది. ఆ, వస్తారు, నా కొడుకూ కోడలూ నా పక్కనే నిలబడతారు. ఇక్కడే ఉన్నారు గదా, జరిగింది జరిగినట్టు వాళ్ళే చెప్తారు."