బయట కూర్చున్న రోజులు

"మూడు నెలల తారీకులు నేనే చెప్పిన గదా ఆమెకు. మళ్ళ ఎందుకడుగుతంది?"

"తారీకులకు, స్కానింగుకు పొంతన లేదంటంది అత్తమ్మా."

"లేకపోవుడేంది? క్యాలెండర్ల సున్న చుట్టేది నేను. మార్చి పన్నెండు, ఏప్రిల్ తొమ్మిది, మే ఏడు. ఒక్కరోజు అటిటు కాలే."

ఖమ్మంలో ఆడవాళ్ళ డాక్టరు గది ముందు, ఇనుప బెంచీ మీద అత్తాకోడళ్ళు. అశ్వారావుపేట అవతల అడవి అంచు ఊరి నుంచి తొలి బస్సుకే వచ్చారు. పెళ్ళయి మూడేళ్ళయినా లిఖితకు కడుపు పండలేదు. తారీకులు సరిగ్గా గుర్తు తెచ్చుకుని మళ్ళీ రమ్మని డాక్టరమ్మ ఇద్దరినీ బయటికి పంపింది. అత్త కళావతి లోకంలో దేన్నైనా ఒప్పుకుంటుంది గానీ, తన లెక్క తప్పంటే మాత్రం ఒప్పుకోదు.

"ఇంతకీ ఏం రోగమంట? నాకు ఇంగ్లీషు ముక్కలే ఇనబడ్డయి."

"పీసీఓఎస్ అంట."

"గడ్డనా?"

"గడ్డ కాదు. లోపల అండాలు సగం పెరిగి ఆగిపోతున్నయంట. చిన్న చిన్న నీటి బుడగల్లెక్క కనబడుతున్నయి స్కానింగుల. హార్మోన్లు తేడా కొట్టినయి. గదుమ మీద ఎంట్రుకలు, మెడ నలుపు, ఒళ్ళొచ్చుడు, అన్నీ దానివల్లనే."

"ఒళ్ళొచ్చుడు తిండికి గాదా?"

"తింటే వస్తది. దీంతోటి తినకున్నా వస్తది."

"ఎక్కడా ఇనలే ఇసొంటిది."

"పదిమందిల ఒకరికి ఉంటదంట. ఎవ్వరు చెప్పుకోరు."

"మందేంది దీనికి?"

"పూర్తిగ పోయే మందు లేదు. రోజు అరగంట జోరుగ నడవాలె. చాయల చక్కెర మానాలె, అన్నం తగ్గించాలె. షుగర్ పరీక్ష చేపించుకోవాలె. బరువు కొంచెం తగ్గినా నెలసరి దారిలకొస్తదంట. పిల్లలు గూడ అయితరంట."

"అయితరంట, అయితరంట. అండం పెరిగే గోళీలు మూడు విడుతలు మింగినవు గదా. నువ్వు బయట కూసున్న రెండో రోజు నుంచి ఐదు రోజులు, నా చేత్తోటి ఇచ్చిన. ఏది మరి?"

"అందుకే ఆపరేషన్ అంటంది. నెలనెలా సరిగ్గ వస్తున్నా గోళీలు పనిచేస్తలేవంటే, పొట్టకు బెజ్జం పెట్టి చెయ్యాలెనంట."

"చేపిద్దాం. నాట్లు పడకముందే చేపిద్దాం."

"వద్దత్తమ్మా."

"ఎందుకొద్దు?"

"తారీకులు తప్పు."

"నా లెక్క తప్పా?"

"నీ లెక్క కాదు. నేను బయట కూసున్న రోజులకు నువ్వు సున్న చుట్టినవు. నాకు రాలే."

"ఏం రాలే?"

"నెలసరి. మార్చిల రాలే, ఏప్రిల్ల రాలే, మేల రాలే. ఆఖరుకు వచ్చింది పోయిన దసరాకు."

"మరి వెనక రేకుల వసారల చాపేసుకొని మూడు రోజులు..."

"కూసున్న. ఊకెనే కూసున్న."

"కంచం దూరం నుంచి నెట్టిన గదనే నీకు. నాలుగో రోజు తలకు పోసుకున్నవు. దుప్పట్లన్నీ తడిపినవు."

"అవ్."

"ఊకెనే?"

"అవ్. రెండేండ్ల నుంచి. వచ్చిన నెల నిజంగ, రాని నెల ఊకెనే."

"ఎందుకే?"

"పెళ్ళైన ఏడు రెండు నెలలు ఆగింది, గుర్తుందా? నువ్వు వాడంత చెప్పినవు. మా అమ్మ చలిమిడి పట్టుకొని వచ్చింది. దవాఖానల ఏం లేదన్నరు. ఆ చలిమిడి నువ్వు బర్రెకు పెట్టినవు."

"పాడైతదని పెట్టిన."

"నేను కిటికీలకెళ్ళి చూసిన. అప్పటిసంది ఇరవై ఎనిమిదో రోజు వస్తే చాలు, నువ్వు పొద్దుగాల లేచి నా మొకం చూసుడు. అది పడలేక పోయి చాపేసుకున్న."

"ఇదంత చెప్పుకుంట కండ్లల్ల నీళ్ళన్న లేవు నీకు."

"మొదట్ల వచ్చేటియి. ఇప్పుడు ఎవరి సంగతో చెప్తున్నట్టుంటది."

"మరి ఆ గోళీలు?"

"అదే చెప్తున్న. మింగాల్సిన రోజులు కాకుండ వట్టి రోజులల్ల మింగిన. ఆపరేషన్ గూడ గట్లనే అయితది. నిజం చెప్తే ముందు నెలసరి రప్పించే గోళీలిస్తది. మూణ్ణెల్లకొకసారన్న రావాలెనంట. ఏండ్లకేండ్లు రాకపోతే గర్భసంచి లోపలి పొర మందమైతదంట. ముందుకు క్యాన్సర్ భయమని ఆ గోడమీద రాసున్నది, చదివిన."

"నేను చదవలే."

"నువ్వు నా మొకమే చూస్తుంటివి."

"లోపల చెప్పకు. డాక్టరమ్మ ముంగట అబద్ధాలదాన్ని నేనైత."

"చెప్పకుంటే నన్ను కోస్తరు."

"మోసం చేసింది నువ్వు, తల దించుకునేది నేనా? మా సుజనను చూడు. నా కడుపున పుట్టింది. బోనకల్లు ఇచ్చి ఆరేండ్లాయె, దానికీ కాయలే పండలే. అయినా అత్తగారింట్ల ఒక్కనాడు అబద్ధమాడలే. నెల తప్పదు దానికి. మీ బిడ్డకు తారీకంటే తారీకే అని దాని అత్త ఫోన్ల చెప్తది నాకు."

"వదిన ఊసెందుకిప్పుడు?"

"ఎందుకేంది? పెంపకమంటే గది. నీకు మీ అమ్మ నేర్పిందా ఈ విద్య?"

"మా అమ్మకు తెల్వదు."

"మరెవ్వరు? నీ అంతట నీకు ఇంత తెలివి రాదు."

"ముప్పై ఏడో నంబరు. లిఖిత ఎవరు? లోపలికి రావాలె."

"వస్తున్నం సిస్టరమ్మా, ఒక్క నిమిషం. చెప్పు లిఖితా. ఎవరు నేర్పిండ్రో చెప్తేనే లోపలికి వస్త."

"ఒట్టేయించుకున్నది నాతోటి."

"ఎవరు?"

"సుజన వదిన. ఆరేండ్ల నుంచి బోనకల్లుల గట్లనే కూసుంటంది అత్తమ్మా, ఏ డాక్టరుకూ చెప్పలే."